మొక్కల ఫొటో సరే, విమానాల లెక్క ఏది?

సంపాదకులకు,

పర్యావరణ దినోత్సవం మర్నాడు మీ సిటీ పేజీలో ఒక కన్సల్టింగ్ కంపెనీ వార్త వేశారు. 2030 కల్లా 'నెట్ జీరో', అంటే వదిలే కర్బనాన్ని తగ్గించి మిగిలినదాన్ని మరోచోట సరిచేసి లెక్క సున్నాకు తేవడం, సాధిస్తామన్న ప్రకటన, పక్కనే టీషర్టులేసుకున్న ఉద్యోగులు చెరువుగట్టు మీద మొక్కలు నాటుతున్న ఫొటో. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. తగ్గలేదు.

ఆ ఒక్క కంపెనీ మీద నాకు పగేమీ లేదు. ఈ వ్యాపారంలో పెద్దవాళ్లు చాలామంది 2030 గడువు పెట్టుకుని ఇలాంటి మాటే ఇచ్చారు. కానీ సలహాలమ్మే కంపెనీకి ఫ్యాక్టరీ ఉండదు, పొగగొట్టం ఉండదు. దాని కాలుష్యంలో పెద్ద వాటా ఉద్యోగుల విమాన ప్రయాణాలదే. సోమవారం పొద్దున్నే క్లయింటు ఊరికి ఎగరడం, గురువారం రాత్రికి తిరిగి రావడం ఈ వృత్తిలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. పైస్థాయివాళ్లు కూర్చునే బిజినెస్ క్లాస్ సీటు దూరప్రయాణాల్లో మామూలు సీటుకు దాదాపు మూడింతల కర్బనం కింద లెక్కకొస్తుంది. కరోనా కాలంలో ఇంట్లో కూర్చునే ఈ పనంతా చేశారు కదా! ఇప్పుడు మళ్లీ ఎన్ని టికెట్లు కొంటున్నారు? వార్తలో ఆ సంఖ్య లేదు. మీ విలేకరి అడిగినట్టు కూడా లేదు.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. 'మా ఆఫీసు నూరు శాతం పునరుత్పాదక విద్యుత్తుతో నడుస్తోంది' అని ఒక కంపెనీ అంటే, చాలాసార్లు సర్టిఫికెట్లు కొన్నారని అర్థం. ఎక్కడో ఒక సోలార్ ప్లాంటు తయారుచేసిన యూనిట్లకు వీళ్లు కాగితం కొనుక్కుంటారు. ఇక్కడి ఏసీలకు గ్రిడ్‌లోంచి వచ్చేది మాత్రం ఎక్కువగా రామగుండం, కొత్తగూడెం, భూపాలపల్లి లాంటి చోట్ల తయారైన బొగ్గు కరెంటే. సర్టిఫికెట్ కొనడం తప్పని అనను. కొన్నామని చెప్పకుండా, కరెంటే మారిపోయినట్టు చెప్పడం తప్పు.

వీటన్నిటికన్నా పెద్దది సలహాల సంగతి. తమ ఆఫీసులో ప్లాస్టిక్ గ్లాసులు మానేసిన కంపెనీ, బయట ఎవరి గనులు, ఎవరి చమురు బావులు పెంచడానికి ప్లాన్లు గీసిస్తోంది? ఈ ప్రశ్న నాది కాదు. 2021లో మెకిన్సీ అనే పేరున్న అమెరికా కన్సల్టింగ్ కంపెనీ ఉద్యోగులే 1100 మందికి పైగా సంతకాలు పెట్టి తమ యాజమాన్యాన్ని నిలదీశారు, క్లయింట్లు వదిలే కర్బనం ఎంతో బయటపెట్టమన్నారు. లోపలివాళ్లకున్న ధైర్యం మన పత్రికలకు ఎందుకు లేదు?

ఇక మొక్కలు. మా కాలనీ వెనక చెరువుగట్టు మీద కిందటేడాది ఇలాగే మరో సంస్థవాళ్లు కానుగ, వేప మొక్కలు నాటి, చుట్టూ ట్రీగార్డులు బిగించి వెళ్లారు. సంక్రాంతికల్లా చాలా మొక్కలు ఎండి పుల్లలయ్యాయి. నీళ్లు పోసే మనిషిని పెట్టలేదు. ట్రీగార్డుకు కట్టిన కంపెనీ బోర్డుకు మాత్రం రంగు కూడా వెలవలేదు. మొక్కకు రెండు వేసవులు దాటేదాకా నీళ్లు కావాలని ఏ నర్సరీ మాలినడిగినా చెబుతాడు. మిగిలినవాటిలో కొన్నిటిని మేం బిందెలతో తడిపి నిలబెట్టుకున్నాం. మాకు ఫొటోలు అక్కర్లేదు, మొక్కలు బతికితే చాలు.

అధికారులైనా అడుగుతారా అంటే అదీ లేదు. హరితహారం పేరుతో రోడ్ల మధ్యలో కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను నింపిందీ వాళ్లే, తర్వాత దాన్ని నాటొద్దన్నదీ వాళ్లే. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు పంపితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. ఆ భూమి ఐటీ కంపెనీల కోసమేనన్నారు. పక్కనే ఉన్న ఈ 'హరిత' సంస్థల్లో ఒక్కటైనా 'మాకు ఆ చెట్లు కొట్టిన స్థలం వద్దు' అన్నట్టు నేనెక్కడా చదవలేదు. యూనివర్సిటీ పిల్లలు మాత్రం లాఠీలకు ఎదురు నిలబడ్డారు.

చట్టంలోనూ సందుంది. స్టాక్ మార్కెట్లో విలువను బట్టి మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి, మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇచ్చి తీరాలి. ఇక్కడున్న పెద్ద కన్సల్టింగ్ సంస్థలు చాలావరకు ఎల్‌ఎల్‌పీలు (షేర్లు మార్కెట్లో అమ్మని పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలు), లేదంటే విదేశీ సంస్థల ప్రైవేటు శాఖలు. వాటికి ఆ నిబంధన వర్తించదు. అదే సంస్థలు ఇతర కంపెనీలకు ఆ నివేదిక రాసిపెట్టి ఫీజు తీసుకుంటాయి. అడిగే చట్టం లేనప్పుడు పత్రికయినా అడగాలి కదా.

నగరానికి నీళ్లిచ్చే జలమండలికి కూడా మీ ద్వారా ఒక విన్నపం. ఇంకుడు గుంత లేదని మాలాంటి కాలనీలకు నోటీసులిస్తున్నారు, మంచిదే. ఐటీ కారిడార్‌లో ఏ భవనానికి ఈ వేసవిలో ఎన్ని ట్యాంకర్లు వెళ్లాయో, ఎక్కడ ఇంకుడు గుంతలు పనిచేస్తున్నాయో భవనాల వారీగా బయటపెట్టండి. మీరు ఇవ్వకపోతే మా సంక్షేమ సంఘం తరఫున సమాచార హక్కు దరఖాస్తు పెడతాం.

- ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, నల్లగండ్ల, హైదరాబాద్