ప్రధానమంత్రి గారికి వరంగల్ జిల్లా పత్తి రైతు బహిరంగ లేఖ

ప్రధానమంత్రి గారికి నమస్కారం.

2025 ఆగస్టులో పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31కి పొడిగించారు. సరిగ్గా మేము పత్తి ఏరే నెలలవి. మిల్లులకు చవక దూది కావాలి, నిజమే. ఆ చవక ఎవరి జేబులోంచి?

2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే మాత్రం ప్రభుత్వ కేంద్రాల్లో కొనరు. మొంథా తుపానుకు చెట్టు మీదే తడిసిన పత్తిని మూడు రోజులు రోడ్డు మీద ఆరబోశాం. మా ఆవిడ దోసిట్లోకి తీసుకుని పింజ విప్పి చూస్తే, లోపల గింజ మొలకెత్తి ఉంది. అమ్ముకోవడానికి యాప్‌లో స్లాట్ బుక్ చేయాలట, మా అన్నది బటన్ ఫోన్. చివరికి ఒక వ్యాపారి చెప్పిన రేటుకే వదిలేశాం.

మిమ్మల్ని గట్టిగా అడగాల్సిన ప్రతిపక్షమా? 2024 లోక్‌సభ ఎన్నికల్లో మీ పార్టీ 240 సీట్ల దగ్గరే ఆగింది. ఆ ఊపును వాళ్లు నిలుపుకోలేదు. మరుసటి ఏడాది బిహార్‌ ఎన్నికల్లో 243 సీట్లకు ప్రతిపక్షాల మహాకూటమికి వచ్చినవి 35. పొత్తు పెట్టుకుని కూడా కొన్నిచోట్ల ఒకరి మీద ఒకరు పోటీ చేశారు! ఈ ముచ్చటకు మా ఊరి హోటల్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇకనైనా సుంకం ఉంటుందో పోతుందో మేము విత్తనాలు కొనకముందే చెప్పండి.

ఇట్లు,
వరంగల్ జిల్లా నుంచి ఒక పత్తి రైతు