మా డొంక తెరుచుకుంది: ఆటోనగర్ మేస్త్రీ బాబాయ్‌కి దండాలు

నిన్న పొద్దుగూకేలోపు మా ట్రాక్టరు డొంక ఆ చివరి దాకా వెళ్లి తిరిగి వచ్చింది. స్టీరింగ్ వదిలి ఇంతసేపైనా చేతుల్లో అదురు పోలేదు. ఒళ్లంతా తుమ్మ ముళ్లే. నిద్ర ఎలాగూ పట్టడం లేదు, అందుకే లేచి ఇది రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు వైపు. నల్లరేగడి నేల, పత్తి, మిరప. ఊళ్లోంచి పొలాలకూ, ఆ పక్కనే ఉన్న శ్మశానానికీ పోయే డొంక ఒకటుంది. ఒకప్పుడు ఎదురెదురుగా వచ్చే రెండు ఎడ్లబండ్లు తప్పుకునేంత వెడల్పు ఉండేదట. సర్కారు తుమ్మ కమ్మేసి చివరికి మనిషి పక్కకి తిరిగి నడిచే సందు మిగిలింది. మిరపకాయ టిక్కీ ఒక్కోటి 40 కిలోల పైమాటే. అవి నెత్తిన పెట్టుకుని ఆ సందులోంచి రోడ్డు మీదికి రావాలి. ఊళ్లో ఎవరైనా పోతే పాడె ఎవరో ఒకరి చేలోంచి తీసుకెళ్లాలి. పైరు మీదున్న చేను యజమాని దగ్గరికెళ్లి, ఏడుస్తున్న ఇంటివాళ్ల తరఫున దారి అడగటం ఎలా ఉంటుందో అడిగినవాడికే తెలుస్తుంది.

జేసీబీ పెట్టించొచ్చుగా అంటారు. పెట్టించాం ఒకసారి. అది తుమ్మని మట్టితో సహా లాగేస్తుంది. ఆ గుంతల్లో వాన పడితే రేగడిలో ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడుతుంది. కత్తులతో నరికిస్తే తుమ్మ మొదలు నుంచి మళ్లీ గుంపుగా చిగురుస్తుంది. అంటే ఏటా కోస్తూనే ఉండాలి. ఏటా కోయాలంటే మన చేతిలోనే ఒక పనిముట్టు ఉండాలి. ట్రాక్టరు వెనక తగిలించి, కింద బ్లేడు గిరగిరా తిరిగి పొదల్ని నరికేది. రెడీమేడ్‌వి దొరుకుతాయి కానీ ఆ ధర మా వల్ల కాదు. సరే, చేద్దామనుకున్నాం.

ట్రాక్టరు పీటీవో, అంటే వెనక తగిలించిన పనిముట్లని తిప్పే షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. పొద తెగాలంటే బ్లేడు దానికి రెట్టింపు తిరగాలి, పైగా తిరుగుడు అడ్డం నుంచి నిలువుకి మళ్లాలి. దానికి పాత వ్యాను వెనక డిఫరెన్షియల్‌ని, అంటే ఇంజను తిరుగుడుని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టెని, తిరగేసి వాడొచ్చు. మామూలుగా పినియన్ అనే చిన్న గేరు తిరిగి క్రౌన్ అనే పెద్ద గేరుని తిప్పుతుంది, మనం యాక్సిల్ (చక్రం ఇరుసు) తిప్పి పినియన్ కొసకి బ్లేడు కడతాం. స్క్రాపులో డిఫరెన్షియల్ దొరికింది. దాన్ని మార్చి కట్టేవాళ్లే దొరకలేదు. గుంటూరులో తిరిగాను, విజయవాడ ఆటోనగర్‌లో తిరిగాను. కొందరు చూడకుండానే పొమ్మన్నారు. చూసినవాళ్లంతా ఒకటే మాట, స్టార్ గేర్లు (రెండు యాక్సిళ్లూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి చిన్న గేర్లు) వెల్డింగ్ కొట్టి లాక్ చేసెయ్ అని.

సాయంత్రం ఇక మూసేస్తారనగా ఒక చిన్న షెడ్డు ముందు ఆగాను. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన, గేర్‌బాక్సుల మేస్త్రీ. ఆయన పేరు రాయొద్దన్నాడు, రాయను. సంగతంతా విని, "వెల్డింగ్ కొట్టమని ఎవడన్నాడు అబ్బాయా?" అని సుద్దముక్క తీసి నేల మీద లెక్క వేశాడు. క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 10. లాక్ చేస్తే బ్లేడు 2,200 చుట్లు దాటుతుంది. నాలుగడుగుల వెడల్పు తిరిగే బ్లేడు కొస గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. "అది పొదలే కొయ్యదు, నిన్నూ కోస్తుంది" అన్నాడు. స్టార్ గేర్లు అలాగే వదిలేసి, రెండో వైపు యాక్సిల్‌ని కదలకుండా బిగిస్తే క్రౌన్ సగం వేగంతోనే తిరుగుతుందట. అప్పుడు 1,100 చుట్ల దగ్గర ఆగుతుంది, మనకు కావలసింది అదే. అంతమంది మేస్త్రీలలో ఈ ముక్క చెప్పింది ఆయనొక్కడే.

ఆ తర్వాత ఒక లారీ గేర్‌బాక్సు పక్కన పెట్టి మరీ నా పని ఎత్తుకున్నాడు. లారీ ఓనరు అరుస్తూనే ఉన్నాడు, బాబాయ్ వినిపించుకుంటేగా. గేరు పంటి మీద బరువు సరైన ముఖం వైపే పడాలని, ఏ యాక్సిల్ గొట్టం ట్రాక్టరు వైపు ఉండాలో ఆయనే తేల్చాడు. బ్లేళ్లు లారీ కమాన్ పట్టీలతో చేయించాడు, బోల్టు మీద ఊగేలా. మొద్దు తగిలితే విరగకుండా వెనక్కి మడుచుకుంటాయి. వాటి కింద పాత డిస్కు నాగలి పళ్లెం. పీటీవో షాఫ్టులో ఒక మెత్త బోల్టు పెట్టి, తెగితే ఇదే తెగాలి, గేర్లు కాదు అన్నాడు. ముందూ వెనకా గొలుసుల తెర వేలాడదీసేదాకా సరుకు బయటికి పంపనన్నాడు, రాళ్లు తూటాల్లా లేస్తాయని. కూలి అడిగితే "శ్మశానం దారికి కూలేంటి? ఆయిల్ సీళ్ల డబ్బులు మాత్రం పక్క షాపులో కట్టేసెయ్, వాడు నాకు అప్పివ్వడు" అన్నాడు.

ఇక్కడిదాకా అయితే మంచి మనిషి అని దండం పెట్టి ఊరుకునేవాణ్ణి. నిన్న పొద్దున్నే మా ఊరి బస్సులోంచి ఆయన దిగాడు. చేతిలో పానాల సంచి. ఫోను లేదు, కబురు లేదు. పినియన్ కిందికి వేలాడుతోంది కాబట్టి 90 నంబరు గేరాయిల్ అంతా సీలు మీదే, అంటే ఆయిల్ కారకుండా ఆపే రింగు మీదే, నిలబడుతుందట. ఒక్క సీలు ఆగుతుందో లేదోనని రాత్రంతా ఆయనకి నిద్ర పట్టలేదట. చొక్కా జేబులోంచి పేపరులో చుట్టిన రెండో సీలు తీశాడు. నేను అక్కడే, ట్రాక్టరు చక్రం పక్కన కూర్చుని ఏడ్చేశాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి. నా డొంక గురించి నిద్ర మానుకున్న మనిషి మా ఊళ్లోనే ఉన్నాడో లేడో, విజయవాడలో ఒకాయన ఉన్నాడు.

సీలు వేసి, బండి నడిచినంతసేపూ పిల్లల్ని దూరంగా తోలుతూ ఎండలో నిలబడ్డాడు. మధ్యాహ్నం నేలలో ఉన్న మొద్దు తగిలి మెత్త బోల్టు తెగింది. గేర్లకి ఏమీ కాలేదు. ఆయన నవ్వి ఇంకో బోల్టు అందించాడు. భోజనానికి ఆగలేదు. బలవంతం చేస్తే రెండు కిలోల ఎండుమిరపకాయలు పట్టుకుని బస్సెక్కాడు.

మా ఆవిడ, తమ్ముడు, బావ అందరూ పని చేశారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

ఇంకో మాట అనకుండా ఉండలేను. ఈ డొంక మా సొంతం కాదు, సర్వే పటంలో గీసి ఉన్న ప్రభుత్వ దారి. దీని కోసం అర్జీలు ఇచ్చాం. ఒక ఆఫీసులో "పటంలో దారి ఉందిగా, ఇంక ఇబ్బందేంటి?" అన్నారు. ఇంకోచోట కంప కొట్టే పనికి పద్దు లేదన్నారు. పనిముట్టుకి సబ్సిడీ అడిగితే లిస్టులో లేదన్నారు. నిన్న మధ్యాహ్నం మాత్రం ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి, శుభ్రంగా ఉన్న భాగం దగ్గర నిలబడి ఫోటోలు తీసుకున్నాడు. ఎందుకండీ అంటే పైకి పంపాలి అన్నాడు. పంపుకోండి. ఆ ఫోటోలో బాబాయ్ వీపు పడే ఉంటుంది, దాన్ని మాత్రం కత్తిరించకండి.

అయ్యో, మర్చిపోయాను. ఆ రాత్రి సరుకుని వారధి దాటించి ఊరి దాకా తెచ్చి, తిరుగు బాడుగ మాత్రమే తీసుకున్న ట్రాలీ ఆటో తమ్ముడికి థాంక్స్. వెల్డింగ్ కోసం తన షెడ్డులో త్రీఫేజ్ కరెంటు వాడుకోనిచ్చిన పిండిమర ఆయనకి కూడా. ట్రాక్టరు వెళ్లకముందే లావు మొద్దులన్నీ రంపంతో కోసిపెట్టిన ఎస్సీ కాలనీ కుర్రాళ్లు లేకపోతే అసలు బ్లేడు రెండు గజాలు కూడా కదిలేది కాదు, వాళ్ల సంగతి ముందే రాయాల్సింది. మజ్జిగ కుండ పంపిన రామాలయం పక్కింటి పెద్దమ్మకి కూడా.

డొంకలో ముళ్లు ఇంకా ఏరలేదు, టైర్లకి, కాళ్లకి జాగ్రత్త. వేరే ఊరివాళ్లకి ఈ బండి కావాలంటే డీజిల్ మీరు పోసుకుని తీసుకెళ్లండి. గొలుసులు విప్పుతామంటే మాత్రం ఇవ్వను.