రోమ్‌ని సాక్ష్యానికి పిలిచేముందు

సంపాదకుడు గారికి,

స్వలింగ సంపర్కం నేరం కాదన్న సెక్షన్ 377 తీర్పు మీద మీ పేజీలో నడుస్తున్న చర్చలో ఇద్దరు పాఠకులు రోమ్‌ని సాక్ష్యానికి పిలిచారు. స్వలింగ సంపర్కం వల్లే రోమ్ కూలిపోయిందని ఒకాయన రాశారు. రోమన్లు స్వేచ్ఛగా బతుకుతుంటే క్రైస్తవులొచ్చి చెడగొట్టారని ఇంకొకావిడ. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి చరిత్ర చెప్పాను, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తాను. రెండు మాటలూ నాకు మింగుడు పడలేదు.

మొదటాయన సంగతి త్వరగా తేలిపోతుంది. రోమ్ నగరంలోని పురుష వేశ్యల్ని జనం ముందే కాల్చి చంపమని క్రైస్తవ చక్రవర్తి థియోడోసియస్ క్రీ.శ. 390లో శాసనం చేశాడు. గోత్ తెగవాళ్లు రోమ్‌ని దోచుకున్నది 410లో, అంటే శాసనం వచ్చిన 20 ఏళ్లకి. ఇక కూలిపోయింది దేనివల్లో ఆయనే చెప్పాలి.

రెండో ఆవిడని ఒక్కటే అడగాలనుంది: స్వేచ్ఛ ఎవరికమ్మా? మనం ఇవాళ వాడే అర్థంలో ‘స్వలింగ సంపర్కుడు’ అనే మాటే రోమన్లకి లేదు. పడకలో పైచేయి ఎవరిదన్నదే వాళ్ల లెక్క. పౌరుడు తన బానిసతోనో వేశ్యతోనో ఏం చేసినా అడిగేవాడు లేడు. అదే పౌరుడు ఇంకొకడికి లొంగాడని పుకారు పుడితే మాత్రం జన్మంతా వదిలేది కాదు. గాల్ దేశాన్ని (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) గెలిచి జూలియస్ సీజర్ ఊరేగుతుంటే, కుర్రతనంలో బిథీనియా రాజు నికోమెడిస్‌తో ఆయనకి ఏదో ఉందంటూ సొంత సైనికులే పాటలు పాడారు.

ఇక ఆ బానిస ఎలా ఉండేవాడో రోమన్ తత్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో చూపించాడు. విందులో ద్రాక్షసారా పోసే మనిషి. ఆడవేషం వేయించారు. వయసొచ్చి ఒళ్లు సైనికుడి ఒళ్లులా గట్టిపడింది, కానీ పసివాడిలా కనబడాలని వెంట్రుకలు గీకించీ పీకించీ నున్నగా ఉంచారు. రాత్రంతా నిద్ర లేదు, సగం యజమాని తాగుడుకి, సగం యజమాని కోరికకి. రోమన్ స్వేచ్ఛ గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఇతనే గుర్తొస్తాడు.

తొలి క్రైస్తవులు చూసింది ఈ రోమ్‌నే. సుమారు 150 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవుడు చక్రవర్తికి రాసిన విన్నపంలో, జనం పారేసిన పసికందుల్ని ఎత్తుకెళ్లి, ఆడపిల్లలతో పాటు మగపిల్లల్ని కూడా వేశ్యావృత్తికి పెంచుతున్నారని వాపోయాడు. గ్రీకులు ‘బాలప్రేమ’ అని గొప్పగా చెప్పుకున్నదాన్ని క్రైస్తవుల పాత ఉపదేశగ్రంథం దిదాఖే ‘బాలల్ని చెరచడం’ అంది. పేరు మార్చడం చిన్న పని కాదు. ఈ విషయంలో మావాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

అయితే వాళ్ల మాటలన్నీ వాళ్లు పుట్టించినవి కావు. ఒక పోగు యూదులది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6:9లో, దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ల లిస్టులో, తొలి క్రైస్తవ బోధకుడు పౌలు వాడిన ఒక గ్రీకు మాట అంతకుముందు ఎక్కడా దొరకదు. యూదుల ధర్మశాస్త్రంలోని లేవీయకాండము 20:13 గ్రీకు అనువాదంలో పక్కపక్కనే ఉన్న ‘పురుషుడు’, ‘పడక’ అన్న రెండు మాటల్ని కలిపి ఆయన దాన్ని తయారుచేశాడని చాలామంది పండితులంటారు. మన తెలుగు బైబిల్లో అది ‘పురుషసంయోగులు’. దానికి ముందున్న మాటకి అసలు అర్థం ‘మెత్తనివాళ్లు’, తెలుగులో ‘ఆడంగితనముగలవారు’ అయింది.

రెండో పోగు తత్వవేత్తలది. ‘ప్రకృతి విరుద్ధం’ అన్న నింద ప్లేటో చివరిరోజుల రచనలోనే ఉంది. పౌలు కాలంవాడే, రోమ్‌లోనే పాఠం చెప్పిన, స్టోయిక్ అనే తత్వశాఖ గురువు ముసోనియస్ రూఫస్, పెళ్లిలో పిల్లల కోసం తప్ప కలయికే తప్పన్నాడు, మగవాడితో మగవాడు ప్రకృతికి విరుద్ధమన్నాడు. ఆయన క్రైస్తవుడు కాడు. అలెగ్జాండ్రియాలో ఫైలో అనే యూదు పండితుడు ధర్మశాస్త్రాన్నీ ఈ తత్వాన్నీ అప్పటికే కలిపేశాడు. సుమారు 57లో పౌలు రోమీయులకు రాసిన ఉత్తరం మొదటి అధ్యాయంలో ‘స్వాభావిక విరుద్ధం’ అంటే విన్నవాళ్లకి అదేమీ కొత్త మాట కాదు. ఇంకో సంగతి. మగవాడు జుట్టు పెంచుకోవడం అవమానమని స్వభావమే నేర్పుతుందని కూడా పౌలు అన్నాడు. అడవి ఒలీవ కొమ్మని మంచి చెట్టుకి అంటుకట్టిన పోలికలో దేవుడు చేసిన పనికీ అదే ‘స్వభావ విరుద్ధం’ వాడాడు. జుట్టు వాక్యం మీద బోధ నేను ఒక్కసారీ వినలేదు.

మా బైబిల్ స్టడీలో ఒకసారి సెనెకా చెప్పిన కుర్రాడి కథ చెప్పాను. వెనక కూర్చున్న పెద్దావిడ, “ఆ పిల్లాడేం చేశాడయ్యా, వాణ్ణి కూడా ఆ లిస్టులో వేస్తారా?” అంది. పాస్టర్ గారు టైమ్ చూసి ప్రార్థనకి వెళ్లిపోయారు.

390 శాసనం మాత్రం ఆ లిస్టులో వేసింది. అది పట్టుకున్నది మగ వేశ్యాగృహాల్లో ఉన్నవాళ్లని, మగ ఒంటిని ఆడదాని పాత్రకి అప్పగించారని. డబ్బిచ్చి వచ్చినవాడి ఊసు లేదు. బాలుణ్ణి చెరచకూడదన్న దిదాఖే నుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చేశారో చూడండి. సీజర్‌ని వెక్కిరించిన పాత రోమన్ చిన్నచూపే ఇది, చేతికి సిలువా అధికారమూ వచ్చాయంతే. తర్వాత జస్టీనియన్ చక్రవర్తి కాలంలో కరువులకీ భూకంపాలకీ కూడా మగవాళ్లతో కలిసే మగవాళ్లనే బాధ్యుల్ని చేశారు.

ఆ ‘ప్రకృతి విరుద్ధం’ అలా నడిచి నడిచి 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్‌గా మన దేశంలో దిగింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసిన విషయంలో దాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీసేసింది. ఆ తీర్పు మన సంస్కృతికి దెబ్బ అని రాసేవాళ్ల ఉత్తరాలు వేయండి, కాదనను. ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాట ఎవరి సంస్కృతిలోంచి వచ్చిందో పక్కన ఒక లైను మీరు కూడా రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్, గుంటూరు