రెండో అంకె కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

సైన్యం చేతికొచ్చిన కొత్త రైఫిళ్ల గురించి ఈమధ్య మీరు వేసిన వార్తలో, సిగ్ 716, ఎకె 203 రెండూ 7.62 ఎంఎం తుపాకులే కాబట్టి రెండింటి దెబ్బా ఒకటేనని రాశారు. అది తప్పు. 24 ఏళ్లు సైన్యంలో ఉండి, అందులో ఆరేళ్లు కుర్రాళ్లకు ఫైరింగ్ నేర్పిన అనుభవంతో చెబుతున్నాను.

మా పక్కింటి పిల్లాడు అగ్నివీర్ పరీక్షకు చదువుతున్నాడు. ఆ పేజీ పట్టుకొచ్చి, "మావయ్యా, రెండూ 7.62 అయినప్పుడు ఒకదాని తూటాలు ఇంకోదాంట్లో వేసుకోవచ్చుగా?" అన్నాడు. వేసుకోలేం. సిగ్ తూటా ఎకె మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, పట్టనే పట్టదు.

7.62 అన్నది ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు ఒకటే అయినా ఏ చుట్టరికమూ లేనివాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఆ అంకె గొట్టం లోపలి కొలత మాత్రమే. బుల్లెట్ వెనక తుపాకి మందు కూరిన తొడుగు పొడవు చెప్పేది దాని పక్కనుండే రెండో అంకె. సిగ్‌ది 7.62×51, ఎకెది 7.62×39.

నేను 1988లో చేరినప్పుడు చేతికిచ్చింది బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైన ఎస్సెల్లార్ అనే పాత రైఫిల్. దాని తూటా కూడా ఈ 51దే. ఫైరింగ్ అయ్యాక గడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ ఖాళీ తొడుగులన్నీ ఏరి, లెక్కపెట్టి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా ఆ రోజు అన్నం ఆలస్యం. చూపుడు వేలి పక్కన పెడితే ఎస్సెల్లార్ తొడుగు రెండో కణుపు దాకా వచ్చేది. తర్వాత కశ్మీర్‌లో 39 తూటా వాడే పాత ఎకె ఇచ్చారు. దాని తొడుగు ఆ కణుపుకు చేరేది కాదు. చీకట్లో చేత్తో తడిమి ఏది ఏదో చెప్పగలిగేవాణ్ని.

ఆ పొట్టితనమే అసలు తేడా. 51లో మందు ఎక్కువ పడుతుంది కాబట్టి 9.5 గ్రాముల బుల్లెట్ సెకనుకు సుమారు 840 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 39లో 8 గ్రాముల బుల్లెట్ వేగం 715 దగ్గరే ఆగుతుంది. లెక్క కడితే మొదటిదాని శక్తి 3,300 జౌల్స్, రెండోదానిది 2,000 పైచిలుకు. వంద మీటర్లకు గురి చూసే సైటు సరిచేసుకుని, దాన్ని మార్చకుండా 300 మీటర్ల టార్గెట్ మీద పేలిస్తే ఎస్సెల్లార్ బుల్లెట్ సుమారు మూరెడు కిందకు దిగుతుంది. ఎకెది మూరన్నర పైనే. గురిపెట్టింది గుండెకైతే తగిలేది తొడకో, నేలకో. రెండింటి దెబ్బా ఒకటే అయితే 2019లో 72,400 సిగ్‌లు ఆర్డర్ చేసి, మళ్లీ 2021లో 6 లక్షలకు పైగా ఎకెలు ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారు చేయించడానికి ఒప్పందం ఎందుకు చేసుకుంటారు?

ఎస్సెల్లార్ తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్ చిన్న తూటా పనికిరానిదన్నట్టు కూడా రాశారు. అదీ నాకు బాధేసింది. దానిది 5.56×45. బుల్లెట్ 4 గ్రాములే అయినా 900 మీటర్ల వేగం. గాలికి పక్కకు జరుగుతుంది, నిజమే. దూరం పెరిగేకొద్దీ బలమూ తగ్గుతుంది. కానీ భుజాన్ని తన్నదు, కొత్త కుర్రాడికి గ్రూపింగ్, అంటే గుళ్లన్నీ ఒకేచోట దగ్గరదగ్గరగా పడటం, త్వరగా కుదురుతుంది. తొడుగు, మందు కలుపుకుని ఒక్కో రౌండు 12 గ్రాములు, ఎస్సెల్లార్‌ది దానికి రెట్టింపు. వంద రౌండ్లకు కిలోకు పైగా తేడా. ఆ కిలో ఎంతో, ఊపిరాడని ఎత్తులో కొండెక్కినవాడికి తెలుస్తుంది. నీళ్ల సీసా వదిలేద్దామా అని చూసుకునే చోటు అది.

ఇకమీదట 7.62 అని రాసినప్పుడల్లా పక్కన 51 అనో 39 అనో వేయండి. ఆ వార్తకు సవరణ కూడా ఇవ్వండి. ఆ పిల్లాడి నోట్సులో రెండు తొడుగులూ స్కేలుతో కొలిచి గీయించాను. సవరణ పడితే కత్తిరించి ఆ బొమ్మల కింద అంటించుకుంటానని, రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి పేపరు తిరగేస్తున్నాడు.

– ఒక రిటైర్డ్ హవల్దార్,
మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా