గ్రంథాలయ కార్యక్రమాల సమాచారం ముందుగా అందాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రజా గ్రంథాలయాల్లో పిల్లలకు కథలు చదివి వినిపించడం, పుస్తక చర్చలు, రచయితలతో ముఖాముఖి వంటి కార్యక్రమాలు జరుగుతున్నా, ఆ సంగతి చాలామంది పాఠకులకు అవి ముగిశాకే తెలుస్తోంది. నోటీసు బోర్డుపై పాత ప్రకటన మీదే కొత్తది అంటించి, తేదీ వేసి సమయం వేయకుండా వదిలేస్తే, పిల్లలను వెంటబెట్టుకుని రావలసిన తల్లిదండ్రులు ఎన్నింటికి బయలుదేరాలి? రాబోయే నెల కార్యక్రమాలు ఏ వయసువారికి ఉద్దేశించినవో, ముందుగా పేరు నమోదు చేసుకోవాలో లేదో స్పష్టంగా రాసి ప్రవేశద్వారం వద్ద ఉంచడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

అంతకన్నా శ్రద్ధ పెట్టవలసింది పుస్తకాల సిఫారసు విషయంలో. బహుమతులు పొందిన పుస్తకాల పేర్లు వరుసగా రాసి గోడకు తగిలిస్తే అది సిఫారసు అనిపించుకోదు. పైగా అడిగితే వాటిలో చాలావరకు అప్పటికే ఎవరో తీసుకెళ్లి ఉంటారు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు గనుక, ఆ ఇద్దరినీ కలిపే పూచీ గ్రంథాలయానిదే. పుస్తకం ఎవరికి నచ్చుతుందో, ఎక్కడ కాస్త ఓపిక పట్టాలో చదివిన సిబ్బందో పాఠకులో రెండు వాక్యాల్లో చీటీపై రాసి, అరలో ఆ పుస్తకం పక్కనే ఉంచితే, ఏళ్ల తరబడి కదలని పుస్తకం కూడా చేతులు మారుతుంది.

ఏటా ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవానికి చేసే హడావిడిలో కొంతైనా మిగతా నెలలకు పంచాలి. చర్చకు ఎంచుకున్న పుస్తకం ప్రతులను కొన్ని వారాల ముందే పాఠకులకు అందుబాటులో ఉంచాలని గ్రంథాలయ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు