సీరియల్ పేరు మాత్రం అడక్కు

నార్త్ హాలీవుడ్,
ఆదివారం

అమ్మా,

ఇక్కడ నేను క్షేమం. మోకాలికి నూనె రాస్తున్నావా అని నాన్నని అడిగితే "రాస్తోందిలే" అన్నారు. ఆ గొంతు వింటే నాకు నమ్మకం కలగలేదు.

మొన్న ఫోన్లో "ఎమ్మే చదివి అంత దూరం వెళ్లి కప్పులు సర్దుతున్నావా" అన్నావు. సర్దుతున్న మాట నిజమే. దాని సంగతి చెప్పబోయేసరికి నీ కుక్కర్ విజిలేసింది, నువ్వు వెళ్లిపోయావు. ఉత్తరమైతే మధ్యలో లేచినా మళ్లీ వచ్చి చదువుకోవచ్చని రాస్తున్నాను. సీరియల్ పేరు మాత్రం అడక్కు. పేరుగానీ కథగానీ బయట చెప్పనని చేరిన రోజే సంతకం చేయించుకున్నారు. ఎదురింటి పిన్నిగారికి "ఏదో పెద్ద సీరియలట" అని చెప్పు. మిగతాది ఆవిడే అల్లుకుంటుంది.

మాది పాత సీరియల్లోంచి విడిగా వచ్చిన సీరియల్. స్పిన్-ఆఫ్ అంటారు. నీ భాషలో చెప్పాలంటే వేరు కాపురం. ఇక్కడి పగటి సీరియల్స్ కొన్ని ఒక పట్టాన అయిపోవు. జనరల్ హాస్పిటల్ అనేది 1963 ఏప్రిల్ 1న మొదలై ఇప్పటికీ వస్తూనే ఉంది. అంత పెద్ద ఉమ్మడి కుటుంబం అయ్యాక, జనానికి బాగా నచ్చిన ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లి వేరే ఇంట్లో పెడతారు. పాత ప్రేక్షకులు వాళ్ల వెనకే వస్తారని ఆశ. అన్నీ నిలబడవు. అనదర్ వరల్డ్ అనే సీరియల్ నుంచి విడిపోయిన టెక్సాస్‌ని 1980లో సరిగ్గా జనరల్ హాస్పిటల్ వచ్చే టైముకే వేశారు. అప్పుడు జనరల్ హాస్పిటల్లోని ల్యూక్, లారా జంటంటే జనం వెర్రెత్తి ఉన్నారు. 1981 నవంబర్లో వాళ్ల పెళ్లి చూసినవాళ్లు సుమారు 3 కోట్ల మంది. టెక్సాస్ 1982 దాటలేదు. జనరల్ హాస్పిటల్ నుంచే 1997లో పోర్ట్ చార్లెస్ వచ్చింది. కుర్ర డాక్టర్ల కథగా మొదలై, రక్తం తాగే పిశాచాల దాకా వెళ్లి, 2003లో ఆగింది. అందులోకి వెళ్లిన లూసీ అనే పాత్ర కొన్నేళ్లకి మళ్లీ పుట్టింటి సీరియల్‌కే తిరిగొచ్చింది. కాపురం కుదరకపోతే ఏం చేస్తుంది మరి!

వేరు కాపురమంటే సామాను పంపకం ఉంటుందిగా. నా పని అక్కడే. మా కథలో హీరోయిన్, ఆవిడ పాత ఇంట్లోంచి ఏం తెచ్చుకుంది, ఏం వదిలేసింది, అన్నిటికీ లెక్క. పెద్దత్తయ్య వాళ్లు వేరు పడ్డప్పుడు స్టీలు గిన్నెల మీద పేర్లు చూసి చూసి పంచుకోలా, అలాగన్నమాట. ఒక పింగాణీ కప్పుంది, అంచు దగ్గర గోరంత పెచ్చు ఊడింది. కథలో ఆవిడ అత్తగారిది. అలాంటిది కొత్తది కొనడం ఎంతసేపు? కానీ ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాళ్లు ఆ పెచ్చు కోసమే చూస్తారు. గోడౌన్లో అట్టపెట్టెలన్నీ విప్పి దాన్ని పట్టుకునేసరికి రోజున్నర పట్టింది. ఇప్పుడు అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు పోసి ఇస్తాను. ఖాళీ కప్పు ఎత్తితే చెయ్యి తేలికగా లేస్తుంది, చూసేవాళ్లకి తెలిసిపోతుంది. వాళ్లు తాగే విస్కీ అయితే చల్లారిన డికాషను. ఐసు ముక్కలు ప్లాస్టిక్‌వి, నిజమైనవైతే కరిగిపోతాయి, మైకులో టింగుటింగుమంటాయి.

షూటింగ్ నువ్వనుకున్నట్టు కథ వరసలో జరగదు. ఇళ్లన్నీ ఒకే షెడ్డులో పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో గదికి మూడే గోడలు, నాలుగో వైపు కెమెరాలు. హాలు సెట్ వేశారంటే నాలుగైదు ఎపిసోడ్ల హాలు సీన్లన్నీ ఆ రోజే లాగించేస్తారు. రోజుకి 80 పేజీల డైలాగులు! ఆవిడ పొద్దున గురువారం ఎపిసోడ్‌కి ఏడ్చి, టిఫినయ్యాక పై సోమవారానికి నవ్వుతుంది. రెండో టేకు దొరికితే అదృష్టం. అందుకే ప్రతి సీనుకి ముందు, వెనక నేను ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

పోయిన నెల ఒకటి తప్పిపోయింది. ఆవిడ మొగుడితో గొడవపడి పెళ్లి ఉంగరం తీసి సాసర్లో పెడుతుంది. అదే రాత్రి జరిగే తర్వాతి సీను మేం రెండు రోజులకి తీశాం. ఉంగరం వేలికే ఉంది! నేను చూడలేదు, మిగతావాళ్లూ చూడలేదు. ఎడిటింగ్‌లో బయటపడింది. ఆవిడ చెయ్యి కనబడే చోటల్లా ఎదుటివాడి ముఖం అతికించి గట్టెక్కించారు. పైనామె, అంటే నా పని చూసే ఆఫీసరు, కేకలేమీ వెయ్యలేదు. "ఆ సీను ఫొటో పంపు" అంది, అంతే. పంపడానికి నా దగ్గర ఫొటో లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాకప్పుడు నువ్వే గుర్తొచ్చావు. మధ్యాహ్నం సీరియల్ ముందు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల సగం కూడా ఎత్తకుండా "ఇందాక గుమ్మం దగ్గర ఎర్ర గాజులు, లోపలికొచ్చేసరికి పచ్చవి" అనేదానివి. నేనూ అన్నయ్యా నవ్వేవాళ్లం. నిన్ను తెచ్చి ఆ కెమెరా పక్కన పీట వేసి కూర్చోబెడితే ఆ ఉంగరం నీ కంట పడకుండా పోయేదా?

వచ్చే నెల బాబాయి వాళ్లబ్బాయి వస్తున్నాడుగా, వాడితో ఆవకాయ పంపు. ఈసారి రెండు కవర్లలో కట్టి, పైన టేపు కూడా చుట్టు. కిందటిసారి నూనె కారి నా సామాను లెక్కల పుస్తకం తడిసింది. ఆవిడ వంటింటి పేజీలు ఇప్పటికీ మెంతిపిండి వాసనే వస్తున్నాయి. పైనామె ఆ పుస్తకం తిరగేసినప్పుడల్లా తుమ్ముతోంది.

నీ
చిన్ని