ముట్టడిలో ‘చుట్టు’ ఉండాలి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో బందరు కోట మీద వచ్చిన వ్యాసంలో ‘ఫోర్డ్ ముట్టడి ఒక్క రాత్రిలో ముగిసింది’ అని ఉంది. అదే రోజు విశాఖ జిల్లా పేజీలో ‘కలెక్టరేట్ ముట్టడి’ అని శీర్షిక. మొదటిది పొరపాటు. రెండోది పొరపాటు అనను గానీ, రోజూ వాడి వాడి ఆ మాటను అరగదీస్తున్నాం.

ముట్టడి ‘ముట్టుకోవడం’ నుంచి వచ్చిందని చాలామంది చెప్తారు. ఇరుగుపొరుగు భాషలు ఇంకో దారి చూపిస్తున్నాయి. కోట ముట్టడిని తమిళులు ముట్రుగై అంటారు, కన్నడిగులు ముత్తిగె అంటారు. పక్కనే ‘చుట్టు’ను పెట్టి చూడండి. మనం చుట్టు అన్నదాన్ని తమిళంలో సుట్రు అని పలుకుతారు, కన్నడంలో సుత్తు. మన ‘ట్ట’ ఉన్నచోట తమిళ రాతలో రెండు బండి ఱలు, కన్నడంలో ‘త్త’. ముట్టడి కూడా అచ్చంగా అదే వరసలో ఉంది. ఆ రెండు భాషల్లోనూ ఆ ధాతువుకు నాలుగు వైపులా కమ్ముకోవడమనే అర్థం. మనకూ అది ‘చుట్టుముట్టు’లో మిగిలే ఉంది, రోజూ అంటూనే ఉన్నాం.

కాబట్టి చుట్టూ దారులు మూయడం, లోపలికి తిండీ మందుగుండూ పోకుండా చూడడం, రోజులు గడవనివ్వడం, ఈ మూడూ కలిస్తే ముట్టడి. నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కి పైబడితే అది లగ్గ. ‘లగ్గలెక్కి కోట పట్టారు’ అనేవారు పాతవాళ్లు. దూరంగా నిలబడి రేవులూ రహదారులూ కట్టడి చేస్తే దిగ్బంధం. 1971లో తూర్పు పాకిస్తాన్ రేవులకు మన తూర్పు నౌకాదళం చేసింది ఇదే. దాన్ని ముట్టడి అంటే విశాఖలో నేవీవాళ్లే నవ్వుతారు.

ఇక బందరు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో కల్నల్ ఫోర్డ్ 1758 అక్టోబరులో దిగింది మన విశాఖలోనే. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించి, 1759 మార్చి 6న వాళ్ల చేతిలో ఉన్న బందరు కోట ముందుకు చేరాడు. చుట్టూ చిత్తడి నేల. ఇసుక మెరక ఉన్న తూర్పు వైపున ఫిరంగి దిబ్బలు కట్టించి, మార్చి 25 నుంచి బురుజుల మీద గుళ్లు కురిపించాడు. నిజానికి అదీ అరకొర ముట్టడే, సముద్రం వైపు దారి పూర్తిగా మూయలేకపోయాడు. ఏప్రిల్ 7 నాటికి అతని దగ్గర రెండు రోజులకు సరిపడా మందుగుండే మిగిలింది. ఇంకోపక్క ఫ్రెంచివాళ్లకు తోడుగా హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సైన్యం దగ్గరపడుతోంది. ఆ రాత్రి సముద్రపు పోటు తగ్గి, కందకంలో నీళ్లు దిగే వేళ చూసి కదిలారు. ఫోర్డ్ పక్షాన ఉన్న విజయనగరం ఆనందరాజు మనుషులు గవని (కోట వాకిలి) వైపు, ఒక చిన్న దళం నైరుతి చిత్తడి వైపు ఉత్తుత్తి దాడికి దిగారు. అసలు దళం ఈశాన్యపు బురుజు గండిలోంచి ఎక్కింది. తెల్లారేసరికి కోట లొంగింది. పట్టుకున్నవాళ్ల కంటే పట్టుబడ్డవాళ్లే ఎక్కువ. అంటే ముట్టడి నెల దాటింది, ఒక్క రాత్రిలో ముగిసింది లగ్గ. రెంటినీ ఒకటి చేస్తే, అంత తెగించి గోడ ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో పాఠకుడికి అంతుపట్టదు.

ముట్టడిలో ముందు ఆకలికి మాడేది లోపలివాళ్లే అనుకోవడం ఇంకో పొరపాటు. 1687లో ఔరంగజేబు గోల్కొండకు ముట్టడి వేస్తే ఎనిమిది నెలలు పట్టింది. వానలు ముంచెత్తాయి, గింజలు రాలేదు, బయట డేరాల్లో ఉన్న మొగలులే తిండికి అల్లాడారు. అగడ్త పూడ్చడానికి మట్టి నింపే గుడ్డ సంచుల్లో మొదటిదాన్ని పాదుషా తన చేత్తోనే కుట్టాడని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. సొరంగం తవ్వి బురుజు కింద మందు దట్టిస్తే, లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వి కొంత మందు తీసేశారు, కొంత తడిపేశారు. నిప్పు పెట్టేసరికి పేలుడు వెనక్కి తన్ని తవ్వినవాళ్ల మీదే పడింది. చివరికి గోడ కూలలేదు, లోపలి మనిషే తలుపు తీశాడు. అందుకే ‘ముట్టడించారు’ అంటే ‘పట్టుకున్నారు’ అని అర్థం కాదు. ముట్టడి వేస్తారు, సాగిస్తారు, కుదరకపోతే ఎత్తేస్తారు.

బొబ్బిలి విషయంలో జనం నోరే సరిగ్గా తిరిగింది. 1757 జనవరి 24న ఒక్క రోజులో తేలిపోయినదాన్ని ఊరంతా బొబ్బిలి యుద్ధం అంది, బొబ్బిలి ముట్టడి అనలేదు.

ఉద్యమాల వార్తల్లో ఈ మాట మానేయమని అడగడం లేదు. తమిళ, కన్నడ పత్రికలూ ఇలాగే వాడుతున్నాయి. కానీ జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎదుట గాంధీ విగ్రహం దగ్గర కూర్చుంటే ధర్నా, గేటు దగ్గర కదలకుండా కూర్చుంటే బైఠాయింపు, గేటు తోసుకుంటే తోపులాట. అధికారిని గదిలోంచి కదలనివ్వకపోతే ఘెరావ్, అసలు అర్థానికి ఇదే దగ్గర. వెనక గేటు తెరిచే ఉండి, ఉద్యోగులు భోజనానికి వెళ్లి వస్తుంటే అది ముట్టడి ఎలా అవుతుంది? చాలాసార్లు బారికేడ్ల మధ్య చిక్కి, వ్యాన్ ఎక్కేది ఆందోళనకారులే. మాట ప్రకారం ముట్టడిలో ఉన్నది వాళ్లు! లెనిన్‌గ్రాడ్ ముట్టడి 872 రోజులు సాగింది. 1941 చలికాలంలో అక్కడ పనిలో లేనివాళ్లకు రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. దానికీ మధ్యాహ్నం రెండింటికల్లా ముగిసే ఆందోళనకూ ఒకటే మాట వాడుతున్నాం.

బందరు వ్యాసానికి సవరణ వేసేటట్టయితే ఇంత చాలు: ముట్టడి 1759 మార్చి 6 నుంచి, లగ్గ ఏప్రిల్ 7 రాత్రి, కోట లొంగింది 8 ఉదయం.

– ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం